పొగ పెట్టనని ఇచ్చిన మాట

“చాంది వాళ్ల నాయిన మన వాకిలి చూసినంక సంబంధం ఒద్దంటడురా” అన్నాను నా కొడుకు తిరుపతితో.

వాడు నవ్వి, చాంది తండ్రి మోతీలాల్‌ను తీసుకురావడానికి బండి మీద కొత్తగూడెం వెళ్లాడు.

చాంది మా తండా బడిలో టీచరు. ఆర్నెల్ల కిందట మా పాత ఇనుప సామాన్ల కొట్టుకు మొదటిసారి వచ్చింది దెబ్బలాటకే. రాగి కోసం మావాడు పాత కేబుళ్లు అడవి అంచున తగలబెట్టేవాడు. ఆ పొగకు పిల్లలు దగ్గుతున్నారంది.

మావాడూ తగ్గలేదు. పాత రాగి, పాత ఇనుము కరిగించి వాడుకుంటే కొత్త గనులు తవ్వే పని తగ్గుతుందని, బొగ్గు కూడా తక్కువ పడుతుందని చెప్పాడు.

“మంచి పనే. కొండను కాపాడి పిల్లల గొంతులు కాలుస్తవా మరి?” అంది.

వారం తిరక్కుండా మావాడు కేబుల్ ఒలిచే చేతి మిషన్ తెచ్చాడు. అది ఎట్లా పనిచేస్తుందో చూస్తానంటూ ఆమె బడి అయ్యాక వచ్చేది. ఒక మిషన్‌ను చూడటానికి రోజూ రావాలా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇంకెప్పుడూ పొగ పెట్టనని ఆమె వాడితో ఒట్టు వేయించుకున్న సంగతి మాత్రం నాకు అప్పటికి తెలియదు.

వాడు వెళ్లాక వాకిట్లో నల్లటి కేబుల్ కుప్ప చూశాను. మోతీలాల్‌ది బొగ్గుగనిలో ఉద్యోగం. పిల్లను ఇట్లాంటి ఇంటికి ఇస్తాడా? కాలిస్తే కుప్ప తగ్గిపోతుంది కదా అని ఎండుటాకులు వేసి నేనే అంటించాను.

పొగ బడి దాకా పోయింది. చాంది పరుగున వచ్చింది. అదే సమయానికి మోతీలాల్‌ను ఎక్కించుకుని మావాడి బండీ వచ్చి ఆగింది.

“నీ మాట గింతేనా?” అంది వాడితో.

వాడు మంటను చూశాడు, నన్ను చూశాడు. తల దించుకుని, తప్పయింది అన్నాడు. నా పేరెత్తలేదు.

“పా నాయినా, పోదాం” అంది చాంది.

నిజం చెబితే ఈ అత్త దగ్గర ఎట్లా బతకాలి అనుకుంటుంది. చెప్పకపోతే నా కొడుకు ఆమెకు దూరమవుతాడు.

“అంటించింది నేను బిడ్డా. వాడు ఇంట్లనే లేడు. మీ నాయిన ఏమనుకుంటడో అని భయపడ్డ.”

ఆమె నా వైపు చూడలేదు. తొట్టిలోంచి బకెట్‌తో నీళ్లు ముంచి మంట మీద పోసింది. మావాడు ఇంకో బకెట్ అందుకున్నాడు. మోతీలాల్ నిలబడే ఉన్నాడు. మంట ఆరింది. బూడిదలోంచి ఆవిరి లేస్తోంది.

“చాందీ, ఏమంటవ్?” అన్నాడు మావాడు.

ఆమె మసి అంటిన చేతులు కడుక్కుంది. పవిటకు తుడుచుకుంది. బూడిద చల్లబడింది.

“నువ్వు చేయని తప్పు ఇంకోసారి మీదేసుకోకు” అంది చివరికి, వాడి కళ్లలోకి చూస్తూ. “నాకు నిజం చెప్పేటోడు కావాలె. నువ్వు దాచినా అత్త నిజం చెప్పింది.”

తండ్రి వైపు తిరిగింది.

“కూసో నాయినా. పెండ్లి మాట మాట్లాడు.”