పులికాట్‌లో కెమెరా బ్యాగు

మందుగుండు గోదాం కాపలాదారు ముత్యం డ్యూటీ దిగి గోదావరిఖని బస్టాండులో చాయ్ తాగుతుండగా వెనుక నుంచి కత్తి దిగింది. హంతకుడు జనంలో కలిసిపోయాడు. గోదాంలో డిటొనేటర్లు, పేలుడు మందు మాయమయ్యాయి.

మర్నాడు ఏజెంట్ అలీముద్దీన్ హైదరాబాదులో చీఫ్ ఎదుట నిలబడ్డాడు.

"నీది గోదావరిఖనేగా?"

"అవును సార్."

"అక్కడి గని కార్మికుల టూరిస్టు బస్సు పులికాట్ సరస్సుకు వెళ్తోంది. ఫ్లెమింగో కొంగలు, డచ్చివాళ్ల సమాధులు చూడటానికి. గోదాం సరుకు అందులోనే పోతోంది. టార్గెట్, రాకెట్ ఇంజనీర్లు ఎక్కే లాంచీ. అదే లాంచీలో కార్మికులూ ఉంటారు. పేలాక నింద వాళ్ల మీద పడాలి. అదీ ప్లాన్."

"బస్సునే ఆపేద్దాం సార్."

"సరుకు దొరుకుతుంది, బార్టన్ దొరకడు. విదేశీ ముఠా లీడర్. పక్షుల ఫొటోగ్రాఫర్ వేషం. అతని అసిస్టెంట్ నుస్రత్ మన మనిషి. డబుల్ ఏజెంట్. మీ ఊరి పిల్లే. ఆ సంగతి మనిద్దరికే తెలుసు. కోడ్ వర్డ్, 'కొంగలు లేచినయా?'"

అలీముద్దీన్ వంటవాడి వేషంలో బస్సెక్కాడు. దారిలో హోటల్ దగ్గర సరుకు చేతులు మారిపోయింది. సీట్ల కింద ఏమీ మిగల్లేదు.

పులికాట్‌లో సమాధులు చూసి అందరూ లాంచీ ఎక్కారు. దూరంగా నీళ్ల మీద గులాబీ రంగు వరుసలు.

"ఏం కొంగలే అవ్వా! మన బొగ్గులల్ల వారముంటే నల్లగైతయి," అంది కార్మికుడి భార్య సారక్క. ఇంజనీర్లు కూడా నవ్వారు.

సమాధుల దగ్గర ఇంకో ఫొటో కావాలంటూ బార్టన్ ఒడ్డునే ఉండిపోయాడు. లాంచీ కదులుతుండగా నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీరలో నుస్రత్ ఒక్కతే దూకి ఎక్కింది. ముఖంలో నెత్తురు లేదు.

"కొంగలు లేచినయా?" అలీముద్దీన్ పక్కకు వచ్చి అడిగింది.

"ఇంకా లేవలే."

"భాయ్, మీ కాళ్లకాడి కెమెరా బ్యాగు బార్టన్‌ది. నాకు గిప్పుడే తెలిసింది."

అలీముద్దీన్ జిప్పు లాగాడు. లోపల టైమర్ తిరుగుతోంది. పక్కన పాదరసం స్విచ్. విసిరితే ఆ కుదుపుకే పేలుతుంది. లాంచీ వెనుక చిన్న పడవ కట్టి ఉంది.

"మీకు పడవ నూకుడు వస్తదా?" అడిగింది నుస్రత్.

"రాదు. ఇద్దరం పోదాం."

"బార్టన్‌ను ఎవరు పట్టుకుంటరు?"

పసిపాపను ఎత్తుకున్నట్టు బ్యాగు ఎత్తుకుని పడవలోకి దిగింది. తాడు విప్పి, గెడతో నెట్టుకుంటూ పోయింది. వెనక్కి చూడలేదు.

పేలుడుకు లాంచీ ఊగిపోయింది. సరస్సంతా గులాబీ రెక్కలై లేచింది.

లాంచీని వెనక్కి తిప్పించి, ఒడ్డున కారెక్కబోతున్న బార్టన్‌ను అలీముద్దీన్ సమాధుల మధ్య పడేసి కొట్టాడు. పోలీసులు లాగేదాకా కొడుతూనే ఉన్నాడు.

పేపర్లలో నుస్రత్ విదేశీ గూఢచారిణి అని పడింది.

"ఆమె మన మనిషి సార్!" అరిచాడు అలీముద్దీన్.

"ఆ ముఠాలో మనవాడు ఇంకొకడున్నాడు. నిజం చెబితే ముఠా అందరినీ అనుమానిస్తుంది, వాడు చస్తాడు. నోరు మూసుకో."

గోదావరిఖనిలో నుస్రత్ తల్లి అక్బరీ బేగం తలుపు మీద ఎవరో పేడ కొట్టారు. ఆమె దాన్ని కడుగుతోంది.

"బేటా, నువ్వు గా బస్సులనే పోయినవట. నా బిడ్డ నిజంగనే గట్ల చేసిందా?"

అలీముద్దీన్ బకెట్ అందుకుని నీళ్లు తెచ్చి పోశాడు.

తిరిగి వెళ్లేసరికి చీఫ్ సెలవు మంజూరు చేసి ఉంచాడు.

"నలిగిపోయావయ్యా. ఏదైనా సముద్రతీరానికి వెళ్లి పక్షులు చూసి రా."