కట్టుకునేదెవరు?

చూపు రోడ్డు మీదే ఉండాలని ఊరందరికీ నేర్పే డ్రైవింగ్ టీచరమ్మ, ఆ పొద్దున తన చూపు ఎక్కడుందో ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో పడింది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న వాచీల షాపతను ఆమెను చూసి నవ్వాడు. ఆమె స్కూటర్ తిన్నగా వెళ్లి అతన్నే గుద్దింది.

కొన్నాళ్లుగా శుభ్రంగా నడుస్తున్న వాచీని రిపేరంటూ అతని షాపుకు మోసుకెళ్తున్న మనిషి ఆమె. ఇప్పుడు నలిగింది అతని కుడిచేతి బొటనవేలు. అది పనిచేయకపోతే అతనికి పని లేదు, షాపు లేదు. అతన్ని ఆస్పత్రి లోపలికి తీసుకెళ్లాక ఆమె బయట బెంచీ మీద కూర్చోలేక అటూ ఇటూ తిరిగింది.

బిల్లు చేతికొచ్చాక మాత్రం ఒళ్లు మండింది.

“చిన్న కట్టు కట్టినందుకు ఇంతా?” అని కౌంటర్ దగ్గర నిలదీసింది.

“కట్టొక్కటేనా మేడమ్? ఆపరేషన్ చేశారు, ఎముకకి ప్లేటు వేశారు,” అన్నాడు బిల్లింగ్ అతను తలెత్తకుండా.

ఆమె కోపమంతా ఎటు పోయిందో!

“విరిగిందా? ఇంక వేలు వంగదా?”

“డాక్టర్నడగండి.”

అతని షాపు మూతపడితే అది తన వల్లే. ఏడుపు తన్నుకొచ్చింది.

“ప్లేటా?” వెనకనుంచి అతని గొంతే. బొటనవేలికి బుల్లి కట్టుతో నిలబడ్డాడు. “నాకు కప్పు టీ కూడా ఇవ్వలేదండీ, ప్లేటెక్కడ వేశారు?”

“విరగలేదా?”

“తోలు లేచిందంతే. ఇదిగో!” మొహం చిట్లిస్తూనే వంచి చూపించాడు.

ఆమె అందరి ముందూ నవ్వుతూ ఏడ్చేసింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. కళ్లు తుడుచుకుని కౌంటర్ వైపు తిరిగింది.

“ఆ బిల్లులో వయసెంతో చదవండి!”

చదివాడు. డెబ్బై దాటిన ఆవిడ, తుంటి ఎముక.

“సారీ మేడమ్, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు...” అని నసిగి, కట్టుకీ ఇంజెక్షన్‌కీ మాత్రం కొత్త బిల్లు తీశాడు.

మళ్లీ గొడవ మొదలైంది. ఈసారి వాళ్లిద్దరికీ.

“గుద్దింది నేను. నేను కడతా.”

“దారి చూడకుండా మిమ్మల్ని చూసింది నేను. నేనే కట్టుకుంటా.”

“కుదరదు!”

“మీరు కాదన్నా, మీ ఇంట్లోవాళ్లు కాదన్నా నేనే కట్టుకుంటా!”

యాక్సిడెంటని విని పరుగెత్తుకొచ్చిన ఆమె నాన్న గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“ఎవరయ్యా నువ్వు? మా అమ్మాయిని కట్టుకుంటానని ఆస్పత్రిలో నిలబడి దబాయిస్తున్నావ్?”

“అయ్యో నాన్నా, బిల్లు! బిల్లు కట్టుకుంటానంటున్నాడు!” ఆమె మొహం కందిపోయింది.

“బిల్లా? హమ్మయ్య!” ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

వాచీలతని చెవులు ఎర్రబడ్డాయి.

“బిల్లొక్కటే అని నేననలేదండీ.”

నాన్న అతన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. ఆమె తల వంచుకుంది గానీ కాదనలేదు.

“ముందు ఆ బిల్లు కట్టవయ్యా,” అన్నాడు నాన్న. “మిగతాది ఇంటికొచ్చి మాట్లాడుదువుగాని.”