కుడి పిక్క

పదకొండో కోత పూర్తయ్యేసరికి ఇంకా తొమ్మిది కూడా కాలేదు. ఇందుమతి ఆ కుర్రవాడి తల మీంచి టోపీ తీసి, లోపలి తీగెల్ని దూదితో తుడుస్తూ, ఇంకా నొప్పి ఏమన్నా ఉన్నదా అని అడిగింది. చంద్రహాస్ అనే ఆ మూడో ఏడు విద్యార్థి లేచి నిలబడి, కాళ్ళు రెండూ విదిలించి చూసుకుని, ఏం లేదన్నాడు. కుంటుకుంటూ వచ్చినవాడు మెట్లు రెండేసి దూకుతూ కింది పాఠాల హాలుకు పోయాడు. తెర మీద ‘నీడ. తొలగించబడినది.’ అన్న వాక్యం వెలిగి ఆరింది.

మానేరు వైద్య శిక్షణాలయంలో ప్రతి ఏడూ ఈ వారం ఇదే గోల. ఊపిరితిత్తుల వారమైతే హాస్టలంతా దగ్గుతుంది. మెదడు వారమైతే తలలు పట్టుకుని వస్తారు. ఇది రక్తనాళాల వారం. మూడో ఏడు పిల్లలు రోజుకు ఆరు గంటలు ముద్రశయ్యల మీద పడుకుని, నలభై రెండో నంబరు దాత పిక్కలో గడ్డకట్టిన నెత్తురు ఎట్లా నొస్తుందో తమ పిక్కల్లో అనుభవించి నేర్చుకుంటున్నారు. ఆ దాత ఎవరో లారీ డ్రైవరు. మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అతని ఎడమ కాలి నొప్పి మాత్రం చెక్కుచెదరకుండా వాడుకలో ఉంది. కదిలితే ముద్ర చెడుతుంది కాబట్టి పిల్లల్ని నడుము దగ్గరా భుజాల దగ్గరా కట్టేస్తారు. నొప్పి సరిగ్గా దిగిందో లేదో కొలిచే పట్టీని కుడి పిక్కకు బిగిస్తారు.

శయ్య దిగిన గంటలోపు ఆ నొప్పి పోవాలి. కొందరికి పోదు. పోకుండా మిగిలినదాన్ని నీడ అంటారు. దాన్ని తీసెయ్యడాన్ని కోత అంటారు. ఆ కోత గది ఇందుమతిది.

పని కష్టమైనదేం కాదు. పిల్లలు వచ్చి తమ బాధ చెప్పుకుంటారు. తులనిక అనే యంత్రం ఆ మాటల్ని ఆ వారపు దాత మాటలతో పోల్చి ఒక అంకె ఇస్తుంది. డెబ్భై దాటితే నీడ. టోపీ పెట్టి మీట నొక్కితే రెండు నిమిషాల్లో ఆ అవయవంలో ఉన్న నొప్పి మొత్తం, ఎడమా కుడీ చూడకుండా, ఊడ్చుకుపోతుంది. మీటలు రెండున్నాయి. ‘నీడ’ అన్న మీట మీద అక్షరాలు అరిగి కనిపించకుండా పోయాయి. అసలు జబ్బే ఉంటే నొక్కాల్సిన ‘నిజం’ అన్న మీటకు కొన్ననాటి ప్లాస్టిక్ పొర ఇంకా అట్లాగే ఉంది. పదకొండేళ్ళలో దాని అవసరం ఎవరికీ పడలేదు.

ఇంకో నియమం ఉంది. విద్యార్థిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే, పట్టించుకుంటే నీడ ముదురుతుందట. అందుకని ఆమె కుర్చీకీ వాళ్ళ కుర్చీకీ మధ్య నేల మీద తెల్లగీత గీశారు. పదకొండేళ్ళూ ఇందుమతి ఆ గీత దాటలేదు. దాటాలని ఆమెకు అనిపించలేదు కూడా. ఎందుకంటే ఒంటి మీద చెయ్యి వేసి జబ్బు పోల్చే విషయంలో ఆమెకు తన మీద తనకే నమ్మకం లేదు.

ఆ కథ కూడా చెప్పుకోవాలి. ముద్రశయ్యలు రాకముందు, పుస్తకాలు చదివి వైద్యం నేర్చుకునే రోజుల్లో, ఇందుమతి కూడా ఇక్కడే విద్యార్థిని. ఏ అధ్యాయం చదివితే ఆ జబ్బు ఒంట్లోకి వచ్చి కూర్చునేది. మొదటేడు కుష్ఠు. చేతి మీది సోబి మచ్చను గుండుసూదితో రోజూ పొడుచుకుని చూసుకునేది, స్పర్శ ఉందో లేదోనని. రెండో ఏడు మెదడులో కంతి. అది చాలదన్నట్టు, ఆ వేసవిలో కుక్క కరవకుండానే పిచ్చికుక్క జబ్బు. నీళ్ళ గ్లాసు ఎత్తాలంటే చెయ్యి వణికేది. తోటివాళ్ళంతా కొద్దో గొప్పో అట్లాగే ఉండేవాళ్ళు, కానీ వాళ్ళు నవ్వుకుని ఊరుకున్నారు. ఇందుమతికి నవ్వు రాలేదు. మూడో ఏడు మధ్యలో చదువు మానేసింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఈ గది ఉద్యోగం దొరికినప్పుడు, ఇది తనకోసమే కట్టిన గది అనుకుంది.

పన్నెండో కేసు వేముల రవళి. ఈ పిల్లను ఇందుమతి ఎరుగును. నిరుడు క్షయ వారంలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ నీడే. తల వంచుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "పిక్కలో ఇసుక బస్తా కట్టినట్టు ఉంది. నడిస్తే ఎక్కువవుతోంది. కాలు ఎత్తి పెట్టుకుంటే కొంత నయం." అవన్నీ నలభై రెండో నంబరు దాత మాటలే. ఇసుక బస్తా అనని వాళ్ళు ఈ వారం ఒక్కరూ రాలేదు. తులనిక తొంభై నాలుగు చూపింది. ఎడమ పిక్క అని గడిని తనే నింపుకుంది.

ఇందుమతి టోపీ అందించింది, రవళి పెట్టుకుంది. మీట మీదికి వేలు పోయింది. అప్పుడు ఆ పిల్ల కాలి చెప్పు కంటబడింది. ఎడమ చెప్పు బెల్టు మామూలుగానే ఉంది. కుడి చెప్పుది పూర్తిగా విప్పేసి ఉంది. కాలు అందులో పట్టక మడమ బయటే ఉండిపోయింది.

ఇందుమతి వేలు వెనక్కి తీసుకుంది. తులనికను ఆపి, అడగకూడని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఇంట్ల అమ్మకు ఫోన్ చేసి ఎట్ల చెప్తవో, అట్ల చెప్పు."

రవళి తల ఎత్తింది. వాళ్ళమ్మ సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తుంది. ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, మొన్నటి సంది కాలు బరువైందే. పొద్దంతా మగ్గాల కాడ నిలబడ్డంక నీకు వాపొస్తది చూడు, గట్ల. ముట్టుకుంటే సుర్రుమంటది. చెప్పుల కాలు పడ్తలేదు." చెబుతూ చెబుతూ చెయ్యి దానంతట అదే కుడి పిక్క మీదికి పోయింది.

"ఏ కాలు?"

"కుడిది మేడం. ఎడమది గూడ నొస్తది, అది అందరికున్నదే, పాఠంది."

మరి ముందే ఎందుకు చెప్పలేదని ఇందుమతి అడిగింది. రవళి నేల చూపులు చూస్తూ అంది, "పిక్క అన్న. ఎడమ అని అదే రాసుకున్నది. నీడనే కావచ్చు, నాకెప్పుడు ఇట్లనే అయితది గదా అనుకున్న. నిరుడు నాలుగుసార్లొచ్చిన. మళ్ళ నవ్వుతరని."

పోయినేడు ఇదే వారంలో, ఇదే కుర్చీలో అభినయ్ అని ఒక పిల్లవాడు కూర్చున్నాడు. అతనూ ఇసుక బస్తా అన్నాడు. తొంభై ఒకటి వచ్చింది. ఇందుమతి కోసేసింది. తొమ్మిది రోజుల తర్వాత మెస్సు మెట్ల మీద కూలబడి అక్కడికక్కడే పోయాడు. గుండె ఆగిందని నోటీసు అంటించారు. అంటే ఏమిటి? చచ్చిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది. ఆ మాట అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆ మెస్సులో తినడం మాత్రం మానేసింది.

పిక్కలో గడ్డకట్టిన నెత్తురు తెగి పైకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. చదువు మానేసినా ఆ అధ్యాయం ఆమెకు గుర్తుంది. నొప్పి ఉంటే మనిషి నడవడానికి భయపడతాడు, నలుగురికి చెప్పుకుంటాడు. నొప్పి తీసేస్తే మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు.

ఆమె ఫోన్‌లో ప్రధానాచార్యుడు పురంధర్‌ను పిలిచి విషయం చెప్పింది. ఈ పిల్లది నీడలాగా లేదని, ముందు స్కాన్ చేయించాలని అంది. ఆయన కోప్పడలేదు. అంకె ఎంత వచ్చిందని అడిగాడు. తొంభై నాలుగని చెప్పింది.

"ఇందుమతి మేడం, మనమిద్దరం ఒకటే బ్యాచ్. మీరెందుకు చదువు మానుకున్నరో నాకు గుర్తున్నది. గుండుసూది గూడ గుర్తున్నది. మీ భయం ఆ పిల్లకు అంటియ్యకుండ్రి. కోసెయ్యుండ్రి, కావాల్నంటే తర్వాత స్కాన్‌కు పంపుదాం."

తర్వాత అంటే ఎప్పటికీ కాదని ఇద్దరికీ తెలుసు. బాధ లేని మనిషిని స్కాన్ గదిలోకి రానివ్వరు. కోత అయ్యాక రవళికి చెప్పుకోవడానికి బాధంటూ మిగలదు. ఆయన ఫోన్ పెట్టేశాడు.

గుండుసూది మాట ఆమెకు సూటిగా తగిలింది. అదీ నిజమే కదా. లేని కంతిని తలలో తడిమి చూసుకున్న చెయ్యే ఇది. ఇప్పుడు లేని వాపు కనిపించడం లేదని ఏమిటి నమ్మకం? ముప్ఫై ఏళ్ళ కింది సిగ్గు మళ్ళీ మొహం మీదికి వచ్చింది. టోపీ కింద నుంచి రవళి ఆమె వైపే చూస్తోంది. కోస్తారా అని అడగడం లేదు, వద్దని కూడా అనడం లేదు. ఆమె ఏది చెప్తే అది నమ్మడానికి సిద్ధంగా కూర్చుంది. ఇందుమతికి అది చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

లేచి తెల్లగీత దాటింది. కింద కూర్చుని, రవళి ప్యాంటు అంచు పైకి మడిచి కుడి పిక్క మీద చెయ్యి వేసింది. పిల్ల పళ్ళు బిగించింది. చర్మం కాలుతోంది. పట్టీ బిగించిన చోట నల్లటి గాటు పడి ఉంది. ఇందుమతి తన చేతిని నమ్మలేదు. బల్ల మీది పాత ఫైలుకు కట్టిన ఎర్రటి రిబ్బను విప్పి, ఎడమ పిక్క చుట్టూ తిప్పి, కొస వచ్చి తాకిన చోట గుర్తుగా రిబ్బనుకు ముడి వేసింది. అదే రిబ్బనుతో కుడి పిక్క చుట్టింది. కొస ముడి దాకా రాలేదు. మధ్యలో మూడు వేళ్ళ ఎడం ఉండిపోయింది. మళ్ళీ చుట్టింది. మూడు వేళ్ళే. భయపడేది తను, రిబ్బను కాదు కదా అనుకుంది.

అప్పుడు ఆమెకు మిగతాది అర్థమైంది. దాత కాలు ఎడమది. పట్టీ కుడికి. ఆరేసి గంటలు కదలనివ్వకుండా పడుకోబెట్టి, కుడి పిక్క బిగించి, ఈ జబ్బు ఎట్లుంటుందో నేర్పుతున్నారు. నేర్పే శయ్యే పిల్లలకు జబ్బు తెచ్చిపెడుతోంది. పిల్లలు చక్కగా నేర్చుకున్నారు. తమ సొంత నొప్పిని కూడా దాత మాటల్లోనే చెబుతున్నారు.

ఇందుమతి బల్ల దగ్గరికి వచ్చి ‘నిజం’ మీద ప్లాస్టిక్ పొరను గోటితో గీకింది. ఎండిపోయి ఉంది, ఒక పట్టాన రాలేదు. వచ్చాక మీట నొక్కింది.

కింద పాఠాల హాలులో అరవై శయ్యలూ ఒక్కసారి ఆగాయి. ఒక్క నిజం నమోదైతే విచారణ పూర్తయ్యేదాకా ఏ శయ్యా నడవకూడదని నియమాల్లో ఎప్పుడో రాసిపెట్టారు. రాసినవాళ్ళు కూడా మరచిపోయి ఉంటారు. తెర మీద కొత్త వాక్యం వచ్చింది, ‘రోగిని తరలించండి’ అని. పదకొండేళ్ళలో ఆ తెర మీద రోగి అన్న మాట ఇందుమతి చూడలేదు. ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు.

ఆస్పత్రి వాళ్ళు స్ట్రెచరు తెచ్చి రవళిని దాని మీద పడుకోబెట్టారు. తలుపు దాటేముందు ఆ పిల్ల ఇందుమతి చెయ్యి పట్టుకుంది.

"మేడం, నాది నిజమేనా?"

"నిజమే బిడ్డా. కాలు కదపకు."

రవళి మొహంలో భయం కన్నా ముందు ఏదో తేలికదనం కనిపించింది. తనను ఒకరు నమ్మారన్న సంతోషం అది. అది చూసి ఇందుమతికి ఏడుపొచ్చింది.

స్ట్రెచరు వెళ్ళిన దారినే పిల్లలు ఎదురొచ్చారు. శయ్యల మీంచి విప్పిన వాళ్ళు విప్పినట్టే, పాఠం గౌన్లతోనే మెట్లెక్కి వచ్చి, ఎవరూ చెప్పకుండానే గోడ వారగా వరుస కట్టారు. రవళి సంగతి అప్పటికే పాకిపోయినట్టుంది. ఎవరూ ఇసుక బస్తా అనలేదు. గౌను అంచులు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. ఇందుమతి కుర్చీని తెల్లగీత దాటించి పిల్లల వైపుకు లాక్కుని, రిబ్బను అందుకుంది.

మొదటి అమ్మాయికి రెండు పిక్కలూ సమానం. ఎడమ కాలు నొస్తోందని ఏడ్చింది. అది నీడేనని, రేపటికి పోతుందని ఇందుమతి చెప్పింది. రెండోవాడికి కూడా సమానమే. మూడోవాడు పొద్దున్నే వచ్చిన చంద్రహాస్. ఇక్కణ్ణించి తిన్నగా కిందికి పోయి, మళ్ళీ శయ్యెక్కి పట్టీ కట్టించుకున్నాడు. ఇప్పుడు కూడా మెట్లు దూకుతూ పైకి వచ్చాడట, వెనకవాళ్ళు చెప్పారు.

ఎడమ పిక్కకు రిబ్బను చుట్టి ముడి వేసింది. కుడి పిక్కకు చుట్టింది. నాలుగు వేళ్ళ ఎడం. కిందికి వంగి చర్మం మీద చెయ్యి పెడితే కాలింది. వేలితో నొక్కి, నొస్తోందా అని అడిగింది.

చంద్రహాస్ ఆమె చేతి వైపు వింతగా చూశాడు.

"నొప్పేం లేదు మేడం. పొద్దుగాల మీరే తీసేసిండ్రు గదా."