పన్నెండు గంటల విండో

మదనపల్లె టొమాటో మార్కెట్లో ఉదయం ఏడు గంటల వేలం జోరుగా సాగుతోంది. ఆ కేకల్లో సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. ఉదయ్ కిరణ్ క్రేట్ల మీదికి వెల్లకిలా పడ్డాడు. అతని చొక్కా మీద పాకుతున్నది నెత్తురని ముందుగా పసిగట్టినవాడు సీక్రెట్ ఏజెంట్ మునీర్. అతన్ని కలవడానికే మండీ వ్యాపారి వేషంలో వచ్చాడు. రెండు నిమిషాలు ఆలస్యమైంది.

ఉదయ్ కుప్పం దగ్గర ఒక గ్యాస్ ప్లాంటులో సిస్టమ్ ఇంజనీర్. మునీర్ అతని తలను ఒళ్లోకి తీసుకున్నాడు.

"కంట్రోల్ రూం కంప్యూటర్లో దొంగ ప్రోగ్రాం ఎక్కించినారు సార్. పగలు పన్నెండుకు ఆపరేటర్ చెంగమ్మ రీడింగులు టైపు చేస్తాది. సరిగ్గా అప్పుడు ఒక విండో ముందుకు దూకి కీబోర్డును లాక్కుంటాది. ఆయమ్మ కొట్టే ఎంటర్ దానికి పడ్తాది. మెయిన్ వాల్వ్ తెరుసుకుంటాది..."

"ఆపేదెట్లప్పా?"

"సెట్టింగుల్లో... ఫోకస్ స్టీలింగ్..." నోట్లోంచి నెత్తురు ఉబికింది. కళ్లు నిలిచిపోయాయి. మునీర్ వాటిని మూసి, జేబులోని ఐడీ కార్డు తీసుకుని లేచాడు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ మాధవి గొంతు పలికింది. "ఏజెంట్ ఫోర్టీన్, అంతా విన్నాను! ఇది కోబాల్ట్ అనే విదేశీ ముఠా పని. గ్యాస్ కుప్పం బస్టాండు దాకా పాకుతుంది. ఆపైన ఒక్క నిప్పురవ్వ చాలు."

"చెంగమ్మకు ఫోన్?"

"కంట్రోల్ రూంలోకి సెల్ నిషేధం. ల్యాండ్‌లైన్ తెగ్గొట్టారు. మేనేజరు సెల్‌కు చేస్తే ఉత్తుత్తి బెదిరింపని పెట్టేశాడు. పుంగనూరు వెళ్లు. ముఠాలో రెండేళ్లుగా గూఢచారిగా ఉన్న మన మనిషి నీలిమ పది గంటలకు అక్కడికి విరుగుడు తెస్తుంది."

పుంగనూరు బయట ఒక ఆవుల కొట్టం. గడ్డి కోసే మిషన్ గరగరమంటోంది. దాని పక్కన నల్లద్దాలు, పట్టుచీర, మత్తెక్కించే సెంటు. నీలిమ!

"ఈ పొట్టి ఆవుకు పొగరెంత?" అన్నాడు మునీర్.

"కొమ్ముల్లో పట్టేంత." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వుతూ పెన్‌డ్రైవ్ అందించింది. "దీన్ని ఆ కంప్యూటర్‌కు పెడితే చాలు."

మునీర్ దాన్ని వాచీకి ఆనించాడు. వాచీలోని స్కానర్ ఎర్రగా వెలిగింది. పెన్‌డ్రైవ్‌లోనూ అదే దొంగ ప్రోగ్రాం!

"ఎంతకు అమ్ముడుపోయావు నీలిమా?"

ఆమె ఈల వేసింది. వెనక నుంచి ముఠా గూండా నాగరాజు గడ్డపార విసిరాడు. మునీర్ పక్కటెముకలు రెండు పటపటమన్నాయి. కింద పడుతూనే నాగరాజు మోకాలి చిప్ప మీద తన్నాడు. వాడు తూలి మిషన్ మీద పడ్డాడు. కుడి చెయ్యి గడ్డితోపాటు లోపలికి పోయింది. ఆవులు తాళ్లు తెంపుకున్నాయి. మునీర్ పాక్కుంటూ పోయి స్విచ్ కట్టేసేసరికి వాడి అరుపు ఆగిపోయింది. బయట నీలిమ కారు అప్పటికే కుప్పం రోడ్డెక్కింది.

పదకొండు యాభై ఏడు. పగిలిన ఎముకలతో ప్లాంటు గోడ దూకి మునీర్ కంట్రోల్ రూంలోకి వచ్చి పడ్డాడు. అడ్డొచ్చిన గార్డును దవడ మీద ఒక్క గుద్దుతో పడుకోబెట్టాల్సి వచ్చింది.

"ఎవురప్పా నువ్వు? ఈ నెత్తురేంది?" చెంగమ్మ కుర్చీకి అడ్డం నిలబడింది. "మా యమ్మ బండలు కొట్టి నన్ను సదివిస్తే వచ్చిన ఉద్యోగమిది. ముట్టుకుంటే ఊరుకోను!"

మునీర్ ఐడీ కార్డు చూపించాడు. "ఉదయ్ పంపినాడమ్మా."

"ఆ పిల్లోడు యాడుండాడు?"

మునీర్ తల దించుకున్నాడు. చెంగమ్మ కార్డు మీది నెత్తురు చూసింది. కుర్చీ వదిలి పక్కకు జరిగింది.

ప్రోగ్రాం ఎక్కడ నక్కిందో వెతికే టైం లేదు. కంప్యూటర్ ఆపితే ట్యాంకుల ప్రెషర్ అదుపు తప్పుతుంది. సెట్టింగ్స్. విండో బిహేవియర్. ఫోకస్ స్టీలింగ్ ప్రివెన్షన్: విండోలు కీబోర్డును లాక్కోకుండా ఆపే సెట్టింగు. ఎవరో దాన్ని 'నన్' మీద, అంటే ఏ అడ్డూ లేకుండా, పెట్టి ఉంచారు. 'ఎక్స్‌ట్రీమ్' చేసి అప్లై నొక్కాడు. ఇక మనిషి పిలవందే ఏ విండో కీబోర్డును లాక్కోలేదు. సెట్టింగ్స్ మూయగానే చెంగమ్మ రిపోర్టు మళ్లీ ముందుకు వచ్చింది.

అప్పుడే వీపులో కత్తి దిగింది. మునీర్ మోకాళ్ల మీద కూలాడు. వెనక నీలిమ! ఎముకలు విరిగిన చోట తన్ని, చెంగమ్మను గోడకేసి తోసింది.

"ఆమె కొట్టకపోతే నేను కొడతాను." గడియారం పన్నెండు చూపింది. నీలిమ ఎంటర్ కొట్టింది.

సైరన్ మోగలేదు. వాల్వ్ కదలలేదు. దొంగ విండో రిపోర్టు వెనకనే తెరుచుకుని, స్క్రీన్ అడుగు పట్టీలో గుడ్డిదీపంలా మిణుకుమంటోంది. నీలిమ కొయ్యబారింది. తేరుకుని మౌస్ అందుకోబోయింది.

మంటలార్పే ఎర్ర సిలిండర్ ఆమె నెత్తిన ధడేలున దిగింది. నల్లద్దాలు పగిలి నేలంతా చిందాయి.

"ఇది ఉదయ్ కోసం," అంది చెంగమ్మ వగరుస్తూ. సిలిండర్ దించి మునీర్ వీపుకు చీర కొంగు అదిమింది. తర్వాత స్క్రీన్ చూసి మొహం చిట్లించింది.

"ఆయమ్మ కొట్టిన ఎంటర్‌కు నా రిపోర్టులో ఒక లైను ఖాళీ పడిందే. బ్యాక్‌స్పేస్ కొట్టొచ్చునా అప్పా, ఇంగేమన్నా పేలుతాదా?"