నాలుగు శబ్దాల చెవి

ప్రయోగం మొదలవగానే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. పరాంకుశంగారికి ఆ కూత బ్రహ్మాండంగా వినిపించింది. అప్పటిదాకా గిరగిరలాడుతున్న ఫ్యాన్ చప్పుడు మాత్రం మాయమైపోయింది.

"వచ్చేసిందమ్మా! మా పాత కంప్యూటర్ మళ్లీ వచ్చేసింది!" అన్నారాయన కళ్లనీళ్లతో.

ఆయన చెవిలో శనగగింజంత యంత్రం పెట్టిన డాక్టర్ మృదుల గర్వంగా నవ్వింది. సంగతేమిటంటే, వెనకటి కంప్యూటర్లలో కొన్ని ఒకేసారి నాలుగు శబ్దాలకు మించి పలికేవి కావు. అయిదోది కావాలంటే ఉన్నవాటిలో ఒకటి నోరు మూసుకోవాలి. ట్రాకర్ అనే ప్రోగ్రామ్‌లో కుర్రకారు ఆ నాలుగింటితోనే పాటలు కట్టి, బొమ్మలు జోడించి, నా పాట గొప్పా నీ పాట గొప్పా అని పోటీలు పడేవారు. డ్రమ్ము కోసం వేణువుని ఎక్కడ ఆపాలన్నదే అందులో అసలు విద్య. పరాంకుశంగారు ఆ కుర్రకారులో ఒకరు. ఇప్పుడేమో పాటకి వెయ్యి వాద్యాలు, విజయవాడ రోడ్డుకి లక్ష హారన్లు. ఆ నాలుగింటి సుఖం మళ్లీ రాదా అని ఆయన బెంగపెట్టుకుంటే మృదుల ఈ యంత్రం చేసిపెట్టింది. అయిదో శబ్దం రాగానే, అన్నిటికంటే ఎక్కువసేపటి నుంచి మోగుతున్నది చెవికి చేరడం మానేస్తుంది.

ఆర్నెల్లలో యంత్రం ఊరంతా పాకింది. పోయిన సుఖం ఏదో ఒకటి అందరికీ ఉంటుంది కదా. లెక్కలన్నీ వేసిన మృదుల, ఇళ్లలో ఎక్కువసేపు మోగేది మనిషి గొంతేనన్న సంగతి మాత్రం మరిచిపోయింది.

పరాంకుశంగారి భార్య ఆండాళ్లు వారం రోజులుగా ఒకటే మాట చెబుతోంది. "ఏవండీ, శుక్రవారం నా కుడికంటికి శుక్లం ఆపరేషను. ఒక్కదాన్నే పోలేను, భయంగా ఉంది. మీరు రావాలి." ఆయనకి "ఏవండీ, శుక్రవారం" వరకే చేరేది. ఆపైన మిక్సీ, కాకి, ఆటో, పక్కింటి గేటు. ఆయన కళ్లు అరమోడ్చి తల ఊపేవారు.

శుక్రవారం పొద్దున సంచి సర్దుకుని వచ్చిన ఆండాళ్లుకి, లుంగీలో తల ఊపుతున్న మొగుడు కనిపించాడు. ఏడుపొచ్చింది. మృదులకి ఫోన్ చేసింది.

"యంత్రంలో లోపం లేదండీ. దాంట్లో కొత్త శబ్దానికే పెద్దపీట," అంది మృదుల బింకంగా.

"అలాగా తల్లీ! నాలాంటి పాతదానికి చాపైనా లేదన్నమాట."

కొత్త శబ్దమైతేనే వినిపిస్తుంది కదా అని ఆండాళ్లు కంచం, గరిటె అందుకుంది. మాటకో దెబ్బ. "శుక్రవారం!" టంగ్. "కన్ను!" టంగ్. "ఆపరేషను!" టంగ్.

"ఆహా, ఇంత లయ ఎక్కడ దాచావ్ ఆండాళూ? ఏదీ, ఇంకోసారి!"

ఆవిడ ఆయన చెవిలోంచి యంత్రం పీకి సంగతి చెప్పింది. పరాంకుశంగారి మొహం పాలిపోయింది. "అయ్యో, నాకు ముందే చెప్పొద్దూ!" అన్నారు. ఆ తరవాత గరిటె ఎక్కడ పడిందో మనకనవసరం.

ఆసుపత్రి దారిపొడుగునా ఇంటింటా కంచాలు మోగుతున్నాయి. ఆ కిటుకు ఆండాళ్లొక్కత్తే కనిపెట్టలేదు. ప్రశాంతత కోసం కొన్న యంత్రం ఊళ్లో మోతని రెట్టింపు చేసింది.

ఆపరేషన్‌కి ముందు కంటి డాక్టరు పెన్ను తీసి ఆండాళ్లు ఎడమ కనుబొమ్మ మీద గుర్తు పెట్టబోయాడు.

"అది కాదండీ, కుడికన్ను. డాక్టరుగారూ, కుడిదండీ!" అంటోంది ఆండాళ్లు.

ఏసీ గుర్రుమంది. మానిటర్ కూసింది. ట్రాలీ గడగడలాడింది. ఎక్కడో తలుపు కొట్టుకుంది. డాక్టరు కళ్లు అరమోడ్చి హాయిగా తల ఊపాడు.

ఆ ఊపుడు గుమ్మంలో నిలబడ్డ పరాంకుశంగారికి బాగా తెలుసు. ఒక్క గెంతులో వెళ్లి డాక్టరు చెవిలోంచి గింజ పీకి, "మా ఆవిడేదో చెబుతోంది, వినవయ్యా!" అని అరిచారు.

ఆండాళ్లు మంచం మీంచి ఆయన్ని ఎగాదిగా చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం ఆవిడకదే మొదటిసారి.