ఎనిమిది చలికాలాల బ్యాటరీ

శనివారం పొద్దున మెర్వి భర్త యార్కో ఓట్స్ జావ కలుపుతూ, వంటింటి బల్ల మీదున్న అట్టపెట్టెను ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. దించి మళ్లీ ఎత్తాడు.

"మెర్వీ, నిన్నెవరో బాగా మోసం చేశారు. ఇందులో ఏమీ లేదు."

"ఉంది. బ్యాటరీ."

"ఇదా? మనింట్లో వెన్న డబ్బా దీనికంటే బరువుంటుంది."

"అందుకేగా కొన్నాను," అంది మెర్వి బూట్ల జిప్పు పైకి లాగుతూ. "నువ్వు ముందు జావ సంగతి చూడు, అడుగంటుతోంది."

మెర్వి బడిపిల్లలకు వండిపెట్టే ఉద్యోగం చేస్తుంది. నలభై నాలుగేళ్లు. ఏడాదిలో ఐదు నెలలు మోటార్ సైకిల్ మీదే తిరుగుతుంది. మిగతా ఏడు నెలలు ఆ బండి ఒలావి ఇంటి షెడ్డులో దుప్పటి కింద పడుకుంటుంది. మంచు పడకముందే బ్యాటరీ ఊడదీసి ఇంట్లో వెచ్చగా దాచడం, నెలకోసారి షెడ్డుకు మోసుకెళ్లి చార్జింగ్ పెట్టడం ఒలావి పని. ఒలావి ఆమెకు మారు తండ్రి. మెర్వి ఉండే టాంపెరె నగరానికి గంటన్నర దూరంలో, తాను ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన కాగితపు మిల్లు ఊళ్లోనే ఉంటాడు. డెబ్బై ఆరేళ్లొచ్చాయి.

కిందటి నెల మెర్వి వెళ్లినప్పుడు అతను ఎడమచేత్తో కాఫీ పోశాడు. కుడి మణికట్టుకు కట్టు ఉంది. ఏమైందంటే ఏమీ కాలేదన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే మెట్ల మీద జారానన్నాడు. జారినప్పుడు చేతిలో ఏముందని అడిగితే మాత్రం నోరు విప్పలేదు. ఆ మంచు మెట్ల మీద అతను మోసేది నాలుగు కిలోల సీసం బ్యాటరీ తప్ప ఇంకేముంది? తిరిగొచ్చే దారంతా మెర్వికి ఆ కట్టే కళ్లముందు మెదిలింది. మర్నాడే దుకాణానికి వెళ్లి కిలో కూడా తూగని లిథియం బ్యాటరీకి చెప్పి వచ్చింది.

"పాతది ఎన్నాళ్లదండీ?" అని అడిగాడు దుకాణంలో మనిషి.

"బండితోపాటు వచ్చిందే. రెండువేల పదిహేడు. ఎనిమిది చలికాలాలు చూసింది."

అతను రాయడం ఆపేశాడు. "సీసం బ్యాటరీ ఎనిమిదేళ్లా? ఈ చలిలోనా? ఎవరండీ చూసుకునేది?"

"మా ఒలావి," అంది మెర్వి, గర్వంగా.

"పాతది ఎలాగూ మాకే తెచ్చివ్వాలిగా. దాని మీద తయారైన నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. నాకోసారి చూడాలనుంది."

ఈ దేశంలో పని లేకుండా ఒకరి గడప తొక్కడం ఎవరికీ చేతకాదు. తోబుట్టువులైనా సరే, నిచ్చెన అడగడానికో, చేపలు ఇవ్వడానికో వచ్చామని చెప్పుకుని లోపలికొస్తారు. అమ్మ కారీనా ఉన్నన్నాళ్లూ మెర్వికి ఆ ఇబ్బంది లేదు, అది అమ్మ ఇల్లు. కారీనా ఒలావిని పెళ్లి చేసుకునేనాటికి మెర్వికి పంతొమ్మిదేళ్లు, సామాన్లు సర్దుకుని వెళ్లిపోయే వయసు. అందుకని అతన్ని పేరు పెట్టే పిలిచింది. ఇప్పటికీ అంతే. నాన్న అన్నమాట వేరే మనిషిది, ఆ మనిషి ఏడాదికో క్రిస్మస్ కార్డు పంపి ఊరుకుంటాడు.

మూడేళ్ల కిందట జనవరిలో కారీనా పోయింది. ఆ ఏడు అక్టోబరులో ఒలావి తనంతట తాను ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "బ్యాటరీ దిగింది. శనివారం పెడతాను," అనేవాడు. అంతే, పెట్టేసేవాడు. మెర్వి వెళ్లేది. చార్జింగ్‌కి ఆరు గంటలు. బ్యాటరీని ఒంటరిగా వదలకూడదన్నది ఒలావి చట్టం. ఆ ఆరు గంటల్లో బఠాణీ సూప్, యాలకుల బన్నులు, కాఫీ, సౌనా గదిలో ఆవిరిస్నానం, మధ్యమధ్య షెడ్డులోకి తొంగిచూడడం. మాటలు తక్కువే. అయినా ఆ శనివారాలు ఆమెకు ఇష్టం. ఆ సంగతి అతనితో ఎప్పుడూ చెప్పలేదు, అలాంటివి చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు.

ఈ శనివారం మెర్వి వెళ్లేసరికి సూప్ పొయ్యి మీదే ఉంది. ఆమె పెట్టె బల్ల మీద పెట్టగానే ఒలావి కళ్లజోడు తగిలించుకున్నాడు.

"ఇదేనా ఆ లిథియం అనేది?"

"ఇదే. ఇక ఊడదీయక్కర్లేదు, మోయక్కర్లేదు. మంచు పడకముందు ఒకసారి నింపి వైరు తీసేస్తే వసంతం దాకా అలాగే ఉంటుంది."

"మరి నెలనెలా?"

"అక్కర్లేదు! నీకిక ఏ శ్రమా లేదు ఒలావీ." మెర్వి సంతోషంగా అంది. ఇన్నాళ్లకు ఈ మనిషికి ఒక మేలు చేశానన్న సంతోషం అది.

ఒలావి కళ్లజోడు తీసి మడిచాడు. "సూప్ చల్లారిపోతుంది," అన్నాడు.

తింటున్నంతసేపూ అతను ఆ పెట్టెకేసి ఓరగా చూస్తూనే ఉన్నాడు. రొట్టెకు వెన్న రాస్తూ, "టార్చిలైటులో వేసే సరుకులా ఉంది," అన్నాడు. కాసేపాగి, "మిల్లులో నలభై ఏళ్లు సీసంతోనే నడిపాం, ఏ రోజూ ఆగలేదు," అన్నాడు. 

"మిల్లే ఆగిపోయిందిగా ఇప్పుడు," అంది మెర్వి నవ్వుతూ.

"అది సీసం తప్పు కాదు."

షెడ్డులో సున్నాకు పదకొండు డిగ్రీలు కింద ఉంది. తలుపులు బార్లా తెరిచి బండి మీద దుప్పటి తీశారు. కొత్త బ్యాటరీ పాతదానిలో సగం కూడా లేదు, దాని గూట్లో పెడితే లొడలొడలాడింది. ఒలావి సణుగుతూనే స్పాంజి ముక్కలు కోసి నాలుగు వైపులా బిగించాడు. ఎంత కోపమున్నా పని మాత్రం చెడగొట్టలేడు, ఆ చేతుల తీరే అంత. వైర్లు తగిలించాక మెర్వి మీట నొక్కింది. ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ నొక్కితే అదీ లేదు.

"చచ్చింది," అన్నాడు ఒలావి. ఆ గొంతులో సంతోషం స్పష్టంగా వినిపించింది. గోడకున్న తన పెద్ద చార్జర్ దింపి తెచ్చాడు. "దీనికి తగిలిస్తే చచ్చిన బ్యాటరీ అయినా లేచి కూర్చుంటుంది. ఆరు గంటలు పెడదాం."

"వద్దు!" మెర్వి అతని చేయి పట్టుకుంది. "అది సీసానికి ఒలావీ. దీనికి పెడితే పాడైపోతుంది. దీనికది పనికిరాదు."

"పనికిరాదా?"

"పనికిరాదు."

"మంచిది." చార్జర్‌ను నేల మీద పెట్టాడు. "చార్జరూ పనికిరాదు, దాన్ని పెట్టేవాడూ పనికిరాడు. సూటిగా అదే చెప్పొచ్చుగా అమ్మాయ్, ఇంత ఖర్చెందుకు?"

"నేనేమన్నాను? నువ్వు పడి చేయి విరగ్గొట్టుకున్నావని కొన్నాను!"

"విరగలేదు. బెణికింది. నేనేమైనా నిన్ను సాయమడిగానా?"

"నువ్వు ఎప్పుడడిగావు కనుక! నీకు సాయం చేయడమంటే గోడకి తల బాదుకున్నట్టే." మెర్వికి ఒళ్లు మండింది. చార్జింగ్‌కని ఒలావి పనిబల్ల మీద తెచ్చిపెట్టిన పాత బ్యాటరీని విసురుగా అందుకుంది. "దీన్ని దుకాణంలో ఇచ్చేసి వస్తాను, పీడా వదులుతుంది."

"అది అక్కడ పెట్టు."

"ఎందుకు? ఇదేమైనా వెండా?"

"పెట్టమన్నాను!"

ఇరవై అయిదేళ్లలో ఒలావి గొంతు పెంచడం ఆమె వినలేదు. బ్యాటరీ చేతిలో ఉండగానే ఆగిపోయింది. దుకాణం మనిషి చెప్పిన అంకెలు కళ్ల ముందే ఉన్నాయి, వైరు తగిలించే సీసం కొన మీద అచ్చుగుద్ది. నాలుగో నెల, రెండువేల ఇరవై రెండు.

మెర్వి తలుపు దగ్గర వెలుతురులోకి వెళ్లి మళ్లీ చదివింది. తన బండి రెండువేల పదిహేడుది.

"ఒలావీ, ఇది నా బ్యాటరీ కాదు."

అతను పనిబల్లకు ఆనుకుని నిలబడ్డాడు. కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. 

"నీది చచ్చిపోయింది," అన్నాడు చివరికి. "మీ అమ్మ పోయిన చలికాలం. చార్జింగ్‌కని తెచ్చింది ఇక్కడే, షెడ్డులోనే ఉండిపోయింది. ఇంట్లోకి తీసుకెళ్లలేదు, మళ్లీ చార్జింగ్ పెట్టలేదు. నాకు గుర్తే లేదమ్మా. ఏదీ గుర్తు లేదు, అన్నం తిన్నానో లేదో కూడా. ఏప్రిల్లో చూస్తే గడ్డకట్టి పగిలి ఉంది."

"నాతో చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నువ్వు నా మీద పెట్టిన పని అదొక్కటే. అదీ చేయలేకపోయానని చెప్పనా? అచ్చం అలాంటిదే కొన్నాను. నూనెగుడ్డతో రుద్ది పాతదానిలా చేశాను." ఒలావి నేలకేసి చూస్తూ మాట్లాడుతున్నాడు. "అప్పట్నుంచీ నెల తప్పకుండా చూస్తున్నాను. ఇది బాగుంటే నీ బండి ఇక్కడుంటుంది. బండి ఇక్కడుంటే నువ్వొస్తావు."

మెర్వి ఆ అంకెలను బొటనవేలితో తడిమింది.

"ఇప్పుడు ఇది వసంతం దాకా అలాగే ఉంటుందంటున్నావు. సంతోషమే. కానీ ఇక నీకు ఫోన్ చేసి ఏం చెప్పను నేను? నీకు నేనేమీ కానుగా. మీ అమ్మ ఉంటే వేరు."

మెర్వి బ్యాటరీని మెల్లగా బల్ల మీద దించింది. ఆమెకు ఆ చలికాలం గుర్తొచ్చింది. అంత్యక్రియలు జనవరి మూడో వారంలో. మళ్లీ ఆమె ఈ ఇంటికి వచ్చింది మే నెలలో, బండి తీసుకోవడానికి. మధ్యలో ఒక్క ఫోన్ లేదు. అమ్మ లేని ఇంటికి ఏమని వెళ్లాలో తెలియలేదు, వెళ్లలేదు. మూడున్నర నెలలు ఒక మనిషి ఈ మంచులో ఒంటరిగా, తిన్నాడో లేదో తెలియకుండా ఉంటే, ఆమె తన ఏడుపు తాను ఏడుస్తూ కూర్చుంది. అతను మాత్రం ఒక బ్యాటరీ పగిలినందుకు మూడేళ్లుగా దొంగలా కుమిలిపోతున్నాడు.

కళ్లు తుడుచుకుందామంటే చేతులకు నూనె. అలాగే వదిలేసింది, చలికి చెంపలు మండాయి.

ఒలావి ఏడుపు చూడలేని మనిషి. ఏదో ఒకటి చేయాలి కాబట్టి పెట్టెలోని కాగితం తీసి దూరంగా పట్టుకుని చదివాడు. "ఇది చదివావా?"

"లేదు," అంది ముక్కు ఎగబీలుస్తూ.

"చలిలో మొదటిసారి లేవదట. బండి లైటు వేసి రెండు నిమిషాలు ఉంచాలట, లోపల వేడెక్కడానికి. వంటలో కొలతలన్నీ చదువుతావు, ఇది చదవవు." లైటు తనే వేశాడు.

ఆ రెండు నిమిషాలూ ఇద్దరూ బండి పక్కనే నిలబడ్డారు. గోడ మీద పసుపు వెలుతురు.

"ఆ చలికాలం నేను రాలేదు," అంది మెర్వి. "నువ్వు బ్యాటరీని మర్చిపోయావు. నేను నిన్నే మర్చిపోయాను ఒలావీ. నీది తప్పయితే నాదేమిటి?"

"నీకు అమ్మ పోయింది."

"నీకు భార్య పోయింది. నాకు ఇంటికెళితే యార్కో ఉన్నాడు. నీకెవరున్నారు?"

అతను గడియారం చూసుకుని, "ఇప్పుడు నొక్కు," అన్నాడు. ఇంజను రెండుసార్లు బద్ధకంగా తిరిగింది, మూడోసారి అందుకుంది. షెడ్డంతా చప్పుడుతో నిండిపోయింది. ఒలావి స్పాంజి ముక్కలు కదులుతున్నాయేమోనని వంగి చూశాడు, కదలడం లేదు. ఆమె భుజం మీద ఎడమచేయి వేసి, అలాగే ఉంచాడు.

సాయంత్రం కారెక్కాక మెర్వి అద్దం దించింది. "ఫోన్లో ఏం చెప్పాలని అడిగావుగా. ఏమీ చెప్పక్కర్లేదు. రమ్మని చెప్పు, చాలు."

"అలా ఎలా చెబుతారు, ఊరికే?" అన్నాడు ఒలావి, నిజంగానే తెలియక.

రెండు వారాలు ఫోన్ రాలేదు. మెర్వి తనే చేద్దామని మూడుసార్లు అనుకుని ఆగింది. చేసి వెళ్లడం ఆమెకేమీ కష్టం కాదు. కానీ అతను అడగాలి, అడిగే హక్కు ఉందని అతనికి తెలియాలి. మూడో వారం బుధవారం, బడి వంటగదిలో మూడొందల మందికి బంగాళాదుంపలు ఉడుకుతుంటే ఫోన్ మోగింది.

"నేను, ఒలావిని."

"చెప్పు ఒలావీ."

అటువైపు ఊపిరి వినిపిస్తోంది. "ఇక్కడ అంతా బాగానే ఉంది. చేయి తగ్గింది. బ్యాటరీ కూడా బాగానే ఉంది, దానికేమీ అక్కర్లేదు."

"మంచిది."

 మెర్వి పొయ్యి తగ్గించి, ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుని, ఒక్క మాట కూడా అందివ్వకుండా నిలబడింది.

"రా," అన్నాడు ఒలావి.