కంకర గుంత దగ్గర ఆగిన వ్యాను

ఫిల్మ్ నగర్ దాటి బోరబండ వైపు దిగే దారిలో అప్పట్లో ఒక కంకర గుంత ఉండేది. ఇప్పుడు వెతక్కండి, దాని మీద నాలుగంతస్తుల మేడ లేచింది. ఆ రోజుల్లో మాత్రం పొద్దుగూకాక అక్కడ బండి ఆపడానికి ఎవరికీ గుండె చాలేది కాదు.

అక్కడేముందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. సినిమావాళ్ళయితే దెయ్యానికి కూడా కాస్ట్యూమ్ వేసేశారు... తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనకాల పొగ. రాళ్ళు కొట్టుకుని బతికే బోరబండ వాళ్ళు ఇవేవీ చెప్పేవారు కాదు. "ఆడ ఆగొద్దు" అనేవారు, అంతే.

లీలాకుమారి ఆగింది. కావాలని కాదు, వ్యాను ఆగిపోయింది.

లీలాకుమారిది తెనాలి. పనేమిటంటే, సినిమాల్లో చిన్నపిల్లలకి గొంతు ఇవ్వడం. తెరమీద నాలుగేళ్ళ బుడతడు ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే జనం మురిసిపోతారు గానీ, ఆ మాట నలభైకి దగ్గరపడ్డ ఒక ఆడమనిషిదని ఎవరికి తెలుస్తుంది? పదేళ్ళుగా మగపిల్లాడైనా, ఆడపిల్లయినా ఆవిడే. సొంత పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఉన్నారుగా, నూట ముప్ఫై మంది" అని నవ్వేసేది.

తొంభై రెండు డిసెంబరు. ఆ రోజు జాతరలో తప్పిపోయిన పిల్లాడి సీను. అమ్మా అమ్మా అని ఏడవాలి. డైరెక్టరుకి ఏ ఏడుపూ నచ్చలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడ్చేసరికి ఆవిడ గొంతు పుండైపోయింది. మోతీనగర్‌లో ఉన్న ఇంటికి దింపుతామని కంపెనీ మెటాడోరు వ్యాను ఎక్కించారు.

ఎక్కబోతుంటే మల్లమ్మ ఎదురొచ్చింది. మల్లమ్మ షూటింగుల్లో జనంలో నిలబడే మనిషి, ఉండేది బోరబండ. కూలికని వచ్చి, ఇంట్లో అత్త లేని పూట పిల్లల్ని కూడా తెచ్చుకునేది. ఆ పూట స్టూడియో ఆవరణలో తీస్తున్న సంత సీను ఇంకా తెమల్లేదు. పిల్లల గోల ఎక్కువైందని మేనేజరు కసిరాడట. ముగ్గురు పిల్లలు... ఐదేళ్ళ ఎల్లమ్మ, నాలుగేళ్ళ బాలమణి, మూడేళ్ళ పోచిగాడు. వాళ్ళని వ్యానులోకి ఎత్తి కూర్చోబెట్టింది మల్లమ్మ.

"అక్కా, మా అత్త గీపాటికి ఇంటికొచ్చి ఉంటది, ఆమె చేతికియ్యి. మధ్యల ఏడ గూడ దించకు. పోచిగానితోని పైలం."

సరే, జాగ్రత్తగా చూసుకుంటానంది లీలాకుమారి. మాట ఇచ్చేసింది.

గుంత దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర. వ్యాను దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. డ్రైవరు జంగయ్య దిగి చూశాడు. డీజిలు అయిపోయింది. కంపెనీ బండిలో డీజిలు ఏనాడూ నిండుగా ఉండదు, అదేం వింత కాదు. డబ్బా పట్టుకుని బంకుకి బయల్దేరుతూ, అరగంటలో వస్తానన్నాడు. తలుపు గొళ్ళెం విరిగి చాలా రోజులైంది, దానికి తాడు కట్టాడు. ఆ తాడు మూడేళ్ళవాడు కూడా లాగితే ఊడుతుంది.

తలుపు నుంచి నాలుగడుగులు వేస్తే గుంత. అందులో వాననీళ్ళు. లోతెంతో చూసొచ్చినవాళ్ళు లేరు.

చుట్టూ బండలు. దీపం లేదు. లీలాకుమారికి భయమేసింది, దాచడమెందుకు. కానీ దెయ్యం మీద కన్నా పోచిగాడి మీదే ఎక్కువ భయం. వాడు అప్పుడే తాడు దగ్గరికి చేరాడు.

పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడం ఏమంత పని అనుకునేవాళ్ళు ఒక్క అరగంట ముగ్గురితో చీకట్లో ఆగిన బండిలో కూర్చోవాలి. వేళ్ళు లెక్కపెట్టించింది. కోడై కూసింది, మేకై అరిచింది. పొడుపుకథ వేస్తే విప్పకుండానే ఆకలన్నారు. సంచిలో ఉన్న రెండు బిస్కెట్లు ముగ్గురికి పంచితే యుద్ధమైంది. గడియారం చూస్తే జంగయ్య వెళ్ళి ఏడు నిమిషాలు.

"అమ్మ కాడికి పోత" అన్నాడు పోచిగాడు. తాడు పట్టుకున్నాడు.

అప్పుడు లీలాకుమారి తనకొచ్చిన విద్య బయటికి తీసింది.

మైకు ముందు మొహం పక్కకి తిప్పి, చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడితే మాట దూరం నుంచి వచ్చినట్టుంటుంది. కిటికీ వైపు తిరిగి, పిల్లాడి గొంతుతో మెల్లగా పిలిచింది.

"ఓ పోచయ్యా... నాతో ఆడుకుంటావా?"

ముగ్గురూ బిగుసుకుపోయారు. ఎవరని గుసగుసగా అడిగింది ఎల్లమ్మ. బండ మీద ఒక పిల్లాడున్నాడు, వాడి పేరు చిట్టిబాబు, కిందికి దిగిన పిల్లలతో వాడు ఆడడు, బుద్ధిగా లోపల కూర్చున్నవాళ్ళతోనే ఆడతాడు అని చెప్పింది లీలాకుమారి. పోచిగాడు తాడు వదిలి వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు.

చిట్టిబాబు బండ మీంచి కబుర్లు చెప్పాడు. లెక్కలడిగాడు. పిల్లి ఎలా అరుస్తుందో అరవమన్నాడు. పిల్లలు కిటికీలోంచి చీకట్లోకి అరిచారు, నవ్వారు. పది నిమిషాలు బంగారంలా గడిచాయి. చిట్టిబాబు మాట తమాషాగా ఉందని, వాడు ఆంధ్రా పిల్లగాడని ఎల్లమ్మ తేల్చేసింది. నిజమే, లీలాకుమారికి ఇక్కడి మాట పలకడం రాదు. సినిమాలో అవసరమూ పడలేదు.

పదకొండో నిమిషంలో... గొంతు పోయింది.

మాట మధ్యలో, దీపం ఆర్పినట్టు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. దగ్గింది. మింగింది. మళ్ళీ తెరిచింది. గాలే.

పిల్లలు ఎదురుచూశారు.

"చిట్టిబాబు ఏడి?" అన్నాడు పోచిగాడు. పెదవి వంకర తిరిగింది. ఒళ్ళోంచి జారి తలుపు వైపు నడిచాడు. ఆవిడ వాడి చొక్కా పట్టుకుంటే, విదిలించుకుని తాడు లాగాడు. ముడి వదులైంది...

"దిగకు. నేన్ గీడ్నే ఉన్న."

మాట బండ మీంచి వచ్చింది.

లీలాకుమారికి మొట్టమొదట కలిగింది భయం కాదు, అసూయ. అంత అచ్చమైన పిల్లాడి గొంతు ఆవిడ పదేళ్ళలో ఒక్కసారీ పలకలేదు. ఆ తర్వాత ఒళ్ళు చల్లబడింది. పెద్దవాళ్ళు పలికే పిల్లల గొంతు ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. ఇది పెద్దవాళ్ళది కాదు.

పోచిగాడు తాడు వదిలేశాడు. "ఏడికి వోయినవ్?" అని నిలదీశాడు.

"ఏడికి పోలే. మీ అమ్మేది?"

షూటింగుకు పోయిందని ఎల్లమ్మ చెప్పింది.

"మా అమ్మ గూడ పనికి వోయింది. వచ్చెదాక గీడ్నే కూసోమన్నది."

అలా ఇంకో పావుగంట ఆడారు. ఏ రాయి పెద్దది, ఏ రాయి చిన్నది, ఎవరు ముందు కళ్ళు మూస్తారు... పిల్లలకి ఏ తేడా కనిపించలేదు. పైగా చిట్టిబాబు ఇప్పుడు మంచిగ మాట్లాడుతున్నాడని బాలమణి మెచ్చుకుంది. లీలాకుమారి ముగ్గురినీ రెండు చేతులతో చుట్టుకుని, కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ లోపల్లోపలే తలుచుకుంది. పైకి తలుచుకోవడానికి గొంతు లేదు.

జంగయ్య వచ్చాడు. డీజిలు పోశాడు. వ్యాను కదిలింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. పోచిగాడు మాత్రం వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న చివరి సీటు చూసి నవ్వాడు.

"వాడు ఎక్కిండు."

ఆవిడ వెనక్కి తిరగలేదు.

బోరబండలో మల్లమ్మ అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... చేతికి అప్పగించింది లీలాకుమారి. ఇచ్చిన మాట దక్కింది. మళ్ళీ ఎక్కి కూర్చుంది. జంగయ్య బండి తిప్పుతూ, ఇక మోతీనగరేనా అని అడిగాడు. ఆవిడ తలూపింది.

"అమ్మ వచ్చి దేవులాడ్తది" అంది వెనక సీటు.

జంగయ్య నవ్వాడు. "మా బాస గూడ పట్టినవ్ లీలమ్మా. మస్తు చేస్తున్నవ్."

తను కాదని చెప్పడానికి నోరు తెరిచింది. గాలి వచ్చింది.

"దేవులాడ్తది... ఏడుస్తది."

దిగి పారిపోవాలనే అనుకుంది లీలాకుమారి. ఆ మాట తర్వాత ఆవిడే ఒప్పుకుంది. కానీ మల్లమ్మ కళ్ళముందు మెదిలింది. పని నుంచి వచ్చి చూస్తే, కూర్చోమన్నచోట పిల్లలు లేకపోతే ఎంతలా వెతుక్కుంటుంది? పొద్దున్నుంచి తను ఏడ్చిన ఏడుపు పిల్లాడిది. తల్లి ఏడుపు ఎలా ఉంటుందో ఎవరూ ఆవిణ్ణి పలకమనలేదు.

జంగయ్య భుజం తట్టింది. వెనక్కి తిప్పమని చేత్తో చూపించింది. ఏమైనా మరిచిపోయావా అన్నాడు. అవునని తలూపింది. గుంత కాడికి మళ్ళీనా అని సణిగాడు, రేపు పగలు చూసుకుందామన్నాడు. ఆవిడ చెయ్యి దించలేదు. గొణుక్కుంటూనే తిప్పాడు.

గుంత దగ్గర ఆపాడు గానీ ఇంజను ఆపలేదు.

లీలాకుమారి తాడు విప్పి, తలుపు తీసి, దిగి దాన్ని పట్టుకుని నిలబడింది. చలిగాలి. ఒక క్షణం... రెండు క్షణాలు. వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎవరో రాసుకుపోయినట్టు కదిలాయి. గుంత వైపు ఒక చిన్న గులకరాయి దొర్లింది.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత బండల వెనక నుంచి ఒక ఆడగొంతు. రోజంతా ఎండలో పనిచేసి వచ్చిన గొంతు.

"ఏడికి వోయినవ్ బిడ్డా... ఎంతగనం దేవులాడిన."

"గీ పెద్దమ్మ ఆడిపిచ్చిందే."

లీలాకుమారి రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, హెడ్‌లైటు వెలుతుర్లో నిలబడి ఉంది. జంగయ్య ఆ మూసుకున్న నోటివైపు చూశాడు. ఈసారి మెచ్చుకోలేదు.